గాలాడని పెట్టె

టూ హార్బర్స్, మిన్నెసోటా
జనవరి 6

పిట్టా,

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. అందుకని రాస్తున్నాను. నా రాత సంగతి నీకు తెలుసు, ఎనిమిదో క్లాసుతో ఆగిపోయిన చెయ్యి. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. చించెయ్యకు.

ముందు అసలు సంగతి. మమ్మో నా దగ్గరుంది. మీ అన్న ఆర్వో పెంచిన సాలీళ్ళన్నిటినీ గ్లెన్ వచ్చి పట్టుకుపోయాడు. డులూత్‌లో పాములూ తొండలూ అమ్మే కొట్టతను, ముందు పళ్ళు లేనతను. వాడు పోయాక ప్రార్థన పెట్టిన రోజు చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని మనందరికంటే గట్టిగా ఏడ్చాడే, అతనే. ఒక్కొక్క డబ్బా సర్దుకుంటూ వచ్చి, చివర మమ్మో దగ్గర ఆగిపోయాడు. ఇది మార్నీది కూడా కదండీ అన్నాడు. నిజమే. నీ పుట్టినరోజు డబ్బులూ వాడు పేపర్లు వేసిన డబ్బులూ కలిపి కొనుక్కొచ్చారు మీరిద్దరూ. దాని బొచ్చు మా అమ్మ చలికోటులా ఉందని మా అమ్మని పిలిచే పేరే పెట్టారు. సాలీడుకి అమ్మమ్మ పేరు పెడతారా అని ఆరోజు చీపురు తీసుకుని మిమ్మల్ని వీధి చివరిదాకా తరిమాను. ఇవాళ నేనే ఆ పేరు పెట్టి పిలుస్తున్నాను, వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టుకుని.

అవును, నా వంటింట్లోనే. నవ్వుకో. ఇన్నేళ్ళూ వాటిని గడప తొక్కనివ్వనన్నదాన్ని. వాడు హార్డ్‌వేర్ కొట్టు మీద గది తీసుకుని వాటితో కాపురం పెట్టింది నా నోటికి జడిసే కదా.

అది ఏమీ తినడం లేదు, పిట్టా. కీచురాళ్ళు కొనుక్కొచ్చి వేస్తున్నాను. వాటివైపు కన్నెత్తి చూడదు. అవి దాని నెత్తిమీదెక్కి పాటలు పాడుతున్నాయి. వాడి మీద బెంగ పెట్టుకుందని నా అనుమానం. పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ దాని ముందు నిలబడి తినవే, తినవే అని బతిమాలుతున్నాను. ఎవరైనా చూస్తే నాకు మతి పోయిందనుకుంటారు.

ఆ ప్రార్థన రోజు చర్చి కింద గదిలో నేనన్న మాట నువ్వు విన్నావని నాకు తెలుసు. మన చర్చి వెర్నా అడిగింది, ఆ పురుగులన్నీ మీవాడివేనా అని. నా నోట్లోంచి వచ్చేసింది. కాదు, ఎవరో స్నేహితుడివి, వీడు చూసిపెడుతున్నాడంతే అన్నాను. వెనక్కి తిరిగితే నువ్వు కాఫీ కప్పుతో నిలబడున్నావు. కప్పు బల్లమీద పెట్టి, కోటైనా తొడుక్కోకుండా వెళ్ళిపోయావు. నీ కోటు ఇంకా ఇక్కడే ఉంది.

వాడింకా శ్మశానం పక్క రాతిగదిలోనే ఉన్నాడు. నేల గడ్డకట్టి ఇనుములా ఉంది, మే నెలదాకా గొయ్యి తవ్వలేమన్నారు. ఆదివారాలు వెళ్ళి ఆ గది బయట బల్లమీద కూర్చుని వస్తున్నాను.

మమ్మోని నీకు పంపనా? ఈ చలిలో ఎలా చేరుతుందా అని భయంగానే ఉంది. చేపలకోసం వెళ్ళిన బిడ్డని సరస్సు పల్చటి మంచు కిందికి లాగేసుకుంది. దీన్ని కూడా చలికి అప్పజెప్పలేను. కానీ అది నీ దగ్గరుంటే బాగుంటుంది. నువ్వు ఊ అను చాలు.

అమ్మ

*

బిల్లింగ్స్, మోంటానా
జనవరి 15

అమ్మా,

పంపు.

చూరునుంచి మంచుచుక్కలు కారే వారం వచ్చేదాకా ఆగి పంపు. సోమవారం పంపు. శుక్రవారమైతే శనాదివారాలు ఏ గోదాములోనో పడుంటుంది. ఇంటి అడ్రసుకి వద్దు. నేను మోటెల్ పనిలో ఉండగా గుమ్మం ముందు మంచులో పడేసి పోతారు. పార్సెల్ ఆఫీసులోనే ఉంచమని రాయించు, నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. చిన్న డబ్బాలో చుట్టూ పొడి టిష్యూ కాగితం కుక్కాలి, కుదుపులకి కొట్టుకోకుండా. తడి పెట్టకు. దాహం వేస్తుందేమోనని నీకనిపిస్తుంది. చలిలో ఆ తడే దాన్ని చంపుతుంది. అన్నిటికంటే మంచిది, గ్లెన్ చేత సర్దించు.

కౌంటరు దగ్గర ఇందులో ఏముందని అడుగుతారు. అప్పుడేం చెబుతావు? ఎవరో స్నేహితుడిదంటావా?

మార్నీ

*

టూ హార్బర్స్
ఫిబ్రవరి 3, సోమవారం

పిట్టా,

ఇప్పుడే పంపించి వచ్చాను. చేతులకి ఇంకా టేపు జిగురు అంటుకునే ఉంది. ఈ ఉత్తరం అందేసరికి మమ్మో నీ దగ్గరుంటుంది.

శుక్రవారంనుంచి చూరు కారుతోంది. ఇదే సమయం అనుకున్నాను. గ్లెన్ థర్మోకోల్ పలకలు పరిచిన పెట్టె ఇచ్చాడు. కవరు చించితే వాటంతటవే వేడెక్కే ప్యాకెట్లు రెండిచ్చాడు, ఒకటి వాడమని, ఒకటి అట్టేపెట్టుకోమని. నేనొచ్చి సర్దిపెడతానండీ అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. "బాబూ, నువ్వు పాలు తాగేటప్పటినుంచీ నేను చేపలు సర్దుతున్నాను. ఈ ఊళ్ళో పొగబెట్టిన చేప ఏ రాష్ట్రానికెళ్ళినా దానిమీద నా చేతి టేపే ఉంటుంది" అన్నాను. తల గోక్కుంటూ, ఇది బతికున్నది కదండీ అన్నాడు. చేప కూడా ఒకప్పుడు బతికున్నదే అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

నువ్వు చెప్పినట్టే పొడి టిష్యూ కుక్కాను. దాన్ని డబ్బాలోకి ఎక్కించడం నా వల్ల అవుతుందనుకోలేదు. మెత్తటి బ్రష్‌తో వెనకనుంచి తాకితే చాలని గ్లెన్ చెప్పాడు. నా దగ్గర రొట్టెలకి వెన్న పూసే బ్రష్ ఉంది, దాంతో తాకాను. ఒక్కొక్క కాలూ ఆలోచించుకుంటూ వేసింది, మా అమ్మ చర్చి మెట్లెక్కినట్టు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. నవంబరు తర్వాత అదే మొదటిసారి.

వేడి ప్యాకెట్‌ని పై కవరు చించి ఆర్వో ఉన్ని మేజోడులో పెట్టి, పెట్టె మూతకి అంటించాను. ఆ తర్వాత మా చేపల పద్ధతే. ప్రతి అంచుకీ రెండు వరసలు టేపు. పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి మళ్ళీ టేపు. దీపం పట్టుకుని వెతికాను, ఎక్కడా సూదిమొనంత సందు లేదు. ఒక్క పోగు చలిగాలి కూడా లోపలికి పోదు.

కౌంటరు దగ్గర అడిగారు. నా వెనక వరసలో ఎవరున్నారో తెలుసా? వెర్నా. దేవుడు కావాలనే నిలబెట్టాడు. నా చెవులు మండిపోయాయి. కౌంటరులో ఉన్న కుర్రదానితో, "సాలీడమ్మా, బతికున్నది. నా కొడుకు ఆర్వోది" అన్నాను. పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. నేను వెర్నా వైపు తిరిగి, ఆరోజు నీతో అబద్ధం చెప్పాను, అవన్నీ మావాడివే అన్నాను. వెర్నా నా మోచెయ్యి పట్టుకుంది.

"నాకు తెలుసు ఐరీన్. ఊరందరికీ తెలుసు."

అందరికీ తెలుసట. మరి నేనెవరిముందు దాచానో. ఇంటికొచ్చేదాకా తలెత్తలేదు.

చేరగానే రాయి.

అమ్మ

*

బిల్లింగ్స్
ఫిబ్రవరి 8

అమ్మా,

మమ్మో క్షేమంగా చేరింది. నువ్వేసిన టేపు కొయ్యడానికి మోటెల్ వంటింట్లో మాంసం కత్తి అడిగి తెచ్చుకోవాల్సొచ్చింది. పెట్టె తెరిచేసరికి హాయిగా ఉంది. వచ్చిన సాయంత్రమే ఒక కీచురాయిని పట్టుకుని తింది. ఇంక నువ్వు దాని గురించి దిగులు పెట్టుకోకు.

వెర్నా ముందు నువ్వన్న మాట రెండుసార్లు చదివాను. ఆర్వో వింటే ఏమనేవాడో తెలుసా? మా అమ్మకి జ్వరం వచ్చినట్టుంది అనేవాడు.

నా కోటు పంపొద్దు. అక్కడే ఉండనీ. మే నెలలో వస్తాను కదా.

నీ పిట్ట

*

టూ హార్బర్స్
ఫిబ్రవరి 19

పిట్టా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్తే నవ్వుతావు. చివర నీ పిట్ట అని రాశావు చూడు, అక్కడ కాగితం కాస్త తడిసింది.

నిజం చెప్పాలంటే కొంచెం ఈర్ష్య కూడా పడ్డాను. నెలన్నర బతిమాలితే నా చేతిది ముట్టలేదు, నీ దగ్గరికెళ్ళిన పూటే తింది. దానికి మనుషులు తెలుసు అనుకున్నాను. ఈ బొచ్చుదానికి నా మీద ఎంత కక్షో, ఆరోజు చీపురు పట్టుకున్న సంగతి మర్చిపోలేదు అనుకున్నాను. ఉండబట్టలేక బస్సెక్కి డులూత్ వెళ్ళాను, గ్లెన్‌కి చెప్పడానికి. ఏలకుల రొట్టె చేసి పట్టుకెళ్ళాను కూడా.

చెప్పాను. అతను రొట్టె నములుతూ ఆగిపోయాడు. తిందా అన్నాడు. వచ్చిన రోజేనా అని మళ్ళీ అడిగాడు. తర్వాత అటు తిరిగి ఏవో గాజుతొట్లు తుడవడం మొదలెట్టాడు. నేను వదల్లేదు. చివరికి చెప్పాడు, "ఈ జాతి చలికాలం ఏమీ ముట్టదండీ. నెలలు నెలలు అలాగే ఉంటుంది. ఇంత ప్రయాణం చేశాక అసలే ముట్టదు. ఆర్వో మీకు చెప్పలేదా?"

నేనడిగితే కదా వాడు చెప్పడానికి. ఇన్నేళ్ళలో మమ్మో ఏం తింటుందిరా, ఎప్పుడు తింటుందిరా అని ఒక్కసారి అడిగి ఉంటే, వంటింట్లో కూర్చుని చెప్పీ చెప్పీ నా చెవులు తినేసేవాడు. అది బెంగతో మానేసిందనుకున్నాను. అది దాని తీరట.

మార్నీ ఏదో అలా రాసుంటుందిలెండి, మిమ్మల్ని సంతోషపెట్టడానికి అన్నాడు గ్లెన్. రొట్టె ముక్క బల్లమీద అలాగే వదిలేశాడు.

పిట్టా, ఒక్కటే అడుగుతాను. మమ్మో బతికుందా?

అమ్మ

*

బిల్లింగ్స్
ఫిబ్రవరి 26

అమ్మా,

లేదు.

తప్పు నాది. పార్సెల్ వచ్చిందని ఆఫీసువాళ్ళు బుధవారం పొద్దున్నే కబురు చేశారు. నేను వెళ్ళలేదు. ఆ పెట్టె తెరవాలంటే ఆర్వో గది తెరిచినట్టుంటుందనిపించింది. అదనపు పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. అలా రెండు రోజులు వదిలేసి వెళ్ళాను. వెళ్ళేసరికి కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకుని ఉంది.

చలికి కొయ్యబారినవి ఒక్కోసారి లేస్తాయని ఆర్వో అనేవాడు. అందుకని ఇంటికి తెచ్చి వెచ్చటి గదిలో పెట్టి మర్నాడంతా చూశాను. లేవలేదు.

మోటెల్ ముందు కార్లో పెట్టె తెరిచాక, ఆ వేడి ప్యాకెట్‌ని వాడి మేజోడుతో సహా రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పట్టుకోగా పట్టుకోగా అది మెల్లగా వెచ్చబడింది. ఎందుకో అదొక్కటీ మనసులోంచి పోవడం లేదు.

నీ సర్దుడులో ఏ లోపమూ లేదు. నేనే ఆలస్యం చేశాను. నీకు చెప్పడానికి ముఖం చెల్లక తిందని రాశాను.

మార్నీ

*

టూ హార్బర్స్
మార్చి 3

మార్నీ,

నువ్వే చెప్పావు, గోదాములో పడుంటే చచ్చిపోతుందని. నువ్వే చెప్పావు, సోమవారం పంపమని. చలి తగ్గే రోజుకోసం ఆకాశం చూసుకుంటూ వారాలు కూర్చున్నాను నేను. సందు లేకుండా సర్దాను. నీ ఊళ్ళో ఉన్న ఆఫీసుకి నువ్వు వెళ్ళలేకపోయావు.

అక్టోబరులో వాడు నిన్ను రమ్మని పిలిచాడు. నీళ్ళు గడ్డకట్టకముందే వచ్చివెళ్ళు, పడవమీద తిరుగుదాం అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చూద్దాంలే అన్నావు. వాడికీ ఆలస్యమే చేశావు, దీనికీ ఆలస్యమే చేశావు.

నాకేం రాయకు.

మీ అమ్మ

*

టూ హార్బర్స్
ఏప్రిల్ 8

పిట్టా,

రాయకు అన్నది నేనే. అయినా రోజూ పోస్టుడబ్బా తెరిచి చూస్తున్నాను.

ఇది కూర్చుని చదువు. నాకు రాయడం చేతకాదు, జరిగింది జరిగినట్టే రాస్తాను.

మొన్న ఆదివారం ఆర్వో దగ్గరికి వెళ్ళాను. సరస్సుమీంచి గాలి కోస్తోంది. గ్లెన్ ఇచ్చిన రెండో వేడి ప్యాకెట్ అలాగే ఉండిపోయింది కదా, పై కవరు చించి దాన్ని జేబులో పెట్టుకుందామనిపించింది. పైన సన్నగా మంచు పడుతోంది, తడుస్తుందేమోనని మా చేపల ప్లాస్టిక్ సంచి ఒకటి తీసి, దాన్ని అందులో వేసి, చేత్తో గాలంతా పిండేసి మూతి బిగించాను. చేతులకి అదే అలవాటు. ఆ రాతిగది బయట బల్లమీద కూర్చుని జేబులో చెయ్యి పెట్టుకున్నాను. ఎంతసేపు కూర్చున్నా అది వెచ్చబడలేదు. చచ్చిన కప్పలా చల్లగా ఉంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. గ్లెన్ పనికిరాని సరుకు ఇచ్చాడు, మమ్మోని చంపింది వాడే అనుకున్నాను. నీమీదకూడా జాలేసింది, పిల్లని ఊరికే తిట్టానని. మర్నాడే డులూత్ వెళ్ళాను. కొట్లో నలుగురు పిల్లలూ వాళ్ళ తండ్రీ తొండని చూస్తూ నిలబడ్డారు. వాళ్ళముందే ఆ సంచి గ్లెన్ బల్లమీద విసిరికొట్టాను. దొంగ సరుకు అమ్ముతావా అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. పొగచేపల కొట్లో ఆడవాళ్ళం ఎలా మాట్లాడతామో నీకు తెలుసు. ఆ తండ్రి పిల్లల్ని బయటికి తీసుకుపోయాడు.

గ్లెన్ తొట్లు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు. సంచి మూతి విప్పాడు. ప్యాకెట్ తీసి ఒకసారి ఊపి తన అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. ఏం చేస్తున్నావురా అన్నాను. ఆగండి అన్నాడు. ఒక కాఫీ తాగేంతసేపు ఇద్దరం అలాగే నిలబడ్డాం. తర్వాత దాన్ని నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది.

"దీనికి గాలి కావాలండీ. లోపల ఉన్నది ఇనుపపొడి. గాలి తగిలితేనే వేడి పుడుతుంది. అందుకే పెట్టెకి చిల్లులు పెడతాం, ఒక అంచుకి టేపు వెయ్యకుండా వదిలేస్తాం."

మమ్మోని ఎలా సర్దారు అని అతను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నా ముఖం చూసి స్టూలు తెచ్చి వేశాడు. కొంచెంసేపయ్యాక, ఆ చిల్లుల సంగతి నేను ముందే చెప్పాల్సింది, మీ ధాటికి జడిసి ఊరుకున్నాను, తప్పు నాదండీ అన్నాడు. చూశావా, తప్పు నాది అనడానికి అతను కూడా సిద్ధంగా ఉన్నాడు. నా చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఇదే అలవాటు చేశానేమో నేను. ఆర్వో ఒక గది తీసుకుని వెళ్ళిపోయాడు, నువ్వు మరో రాష్ట్రానికి పోయావు, గ్లెన్ నోరు మూసుకున్నాడు.

బస్సులో వస్తుంటే నీ ఉత్తరం గుర్తొచ్చింది. పెట్టె తెరిచాక ఆ ప్యాకెట్ నీ చేతుల్లో మెల్లగా వెచ్చబడిందని రాశావు. చదివినప్పుడు నాకేమీ అర్థం కాలేదు. ఇక్కడినుంచి అక్కడిదాకా అది ఒక్క నిమిషం కూడా వేడెక్కలేదు పిట్టా. నువ్వు టేపు కోశాకే దానికి ఊపిరి అందింది.

నువ్వు ఆర్వోతో కలిసి ఎన్ని పెట్టెలు సర్దావో నాకు తెలుసు. వాటికి చిల్లులెందుకో నీకు తెలియకుండా ఉండదు. ఆ టేపు చూడగానే నీకు అర్థమైపోయి ఉంటుంది.

నువ్వు ఆలస్యంగా వెళ్ళలేదు కదా? నిజం చెప్పు. ఈసారి నన్ను కాపాడకు.

అమ్మ

*

బిల్లింగ్స్
ఏప్రిల్ 16

అమ్మా,

ఆఫీసు తలుపులు తియ్యకముందే వెళ్ళాను. బయట కార్లో కూర్చున్నాను. వాళ్ళు దీపాలు వేయగానే మొదట లోపలికి వెళ్ళింది నేనే.

నువ్వన్నట్టే, పెట్టె చేతికిచ్చినప్పుడే తెలిసిపోయింది. అంత టేపు చూసి, ఇది మా అమ్మే సర్దింది అనుకున్నాను. వెంటనే, అయ్యో మా అమ్మే సర్దింది అనుకున్నాను.

నీకు ఎలా చెప్పమంటావు? వాడిని ఆ నీళ్ళు తీసుకుపోయి అప్పటికి మూడు నెలలు కాలేదు. దీన్ని చలికి అప్పజెప్పలేనని నువ్వు రాసిన కాగితం నా సంచిలోనే ఉంది. నువ్వు చేతులారా చేశావని నీకు రాయాలా? అందుకే తిందని రాశాను. తిందంటే నువ్వు ఇంకేమీ అడగవనుకున్నాను. చలికాలం తినదన్న సంగతి నీకు తెలియదని ధీమా. నీకు తెలియదన్న దాన్నే నమ్ముకున్నాను, అందుకు నాకు సిగ్గుగా ఉంది.

నీ మార్చి ఉత్తరానికి జవాబు రాయనిది కోపంతో కాదు. అందులో మమ్మో సంగతి తప్పు, కానీ అక్టోబరు సంగతి నిజం. వాడు పిలిచాడు. ఆ వారం నాకు పనేమీ లేదు. ఊరికే బద్ధకించాను.

మమ్మో ఇక్కడే ఉంది. మోటెల్ వెనక గదిలో పెద్ద ఫ్రీజర్ ఉంది, అందులో ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టాను. మేనేజరు తీసి చూసి, ఇదేంటి మార్నీ అన్నాడు. మా అమ్మమ్మ అన్నాను. మళ్ళీ ఆ ఫ్రీజర్ జోలికి రాలేదు.

నాకు కూడా ఆరోజునుంచి సరిగా తిండి సయించడం లేదు. పనిలో ఉన్నప్పుడు మెషీన్‌లో చిప్స్ కొనుక్కుని నాలుగు నమిలి పడేస్తున్నాను. నిజమే చెప్పమన్నావు కదా, అన్నీ చెప్తున్నాను.

నీ పిట్ట

*

టూ హార్బర్స్
ఏప్రిల్ 24

పిట్టా,

నీ ఉత్తరం అందింది. చదివి, చలికోటు వేసుకుని, ఊరికే రేవుదాకా నడిచి వచ్చాను. సరస్సుమీద మంచుగడ్డలు విడిపోతున్నాయి. వాటి చప్పుడు వింటూ నిలబడ్డాను. ఎప్పుడూ ఆ చప్పుడంటే సంతోషంగా ఉండేది. ఈ ఏడు తల వంచుకుని విన్నాను.

నిన్నంత మాట అన్నాను. ఆ కాగితం ఇంకా నీ దగ్గరుంటే పొయ్యిలో పడెయ్యి. అక్టోబరు మాట నిజమే అన్నావు. నిజమైనా అది నేననాల్సిన మాట కాదు. వాడు నీకు ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉన్నానన్నాను కదా. ఆరోజు వాడు పెట్టేశాక, నువ్వైనా రావే అమ్మా, కొత్త పిల్ల సాలీళ్ళు పుట్టాయి, చూద్దువుగాని అన్నాడు. వాడి గది మెట్లు నేను ఒక్కసారీ ఎక్కలేదు. ఎవరైనా చూస్తారని. వాడు పోయాక డబ్బాలు దింపడానికి ఎక్కాను. అంత శుభ్రంగా ఉంటుందనుకోలేదు. మనకోసం రెండు కుర్చీలు కూడా ఉన్నాయి.

మే పదిహేడున వాడికి గొయ్యి తవ్వుతామన్నారు. శనివారం. పాస్టరు గారితో మాట్లాడాను. వాడి పక్కన ఇంకోటి పెట్టాలి, సాలీడు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెద్దదేనా అని అడిగాడు. అరచేయంత అన్నాను. దానికి పేరుందా అన్నాడు. మా అమ్మ పేరే అన్నాను. సరే అన్నాడు పాపం, ఇంకేమీ అడక్కుండా.

గ్లెన్ వస్తాడు. కొట్టు మూసేసి వస్తానన్నాడు. కొట్లో అందరిముందు అన్న మాటలకి అక్కడే, అందరూ ఉండగా క్షమాపణ చెప్పాను. ఎవరో ఒకావిడ కుందేలుకి గడ్డి కొంటూ విన్నది. వెర్నా బంగాళాదుంపలూ మాంసమూ వేసి పెద్ద పళ్ళెం ఓవెన్‌లో చేసి తెస్తానంది. ఆవిడకి మమ్మో ఎలా పోయిందో మొత్తం చెప్పాను. నా చేతులతోనే పోయిందని చెప్పాను. ఈసారి వేరెవరి పేరూ చెప్పలేదు.

నువ్వు రా. మమ్మోని ఆ ఐస్‌క్రీమ్ డబ్బాతోనే తీసుకురా, మూత ఊరికే పెట్టి. దారిలో కరుగుతుందేమోనని కంగారుపడకు, దాన్ని ఇంక చలీ ఎండా ఏమీ చెయ్యవు. నీ కోటు తలుపు వెనక తగిలించి ఉంది. నేను ఉతకలేదు, ముట్టుకోలేదు. ఎన్నాళ్ళుండాలనిపిస్తే అన్నాళ్ళుండు, వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. నేను గుమ్మానికి అడ్డం నిలబడను.

ఆ చిప్స్ మానెయ్యి. మమ్మో తినకపోవడం దాని జాతి లక్షణం. నువ్వు నా కడుపున పుట్టావు, నీకా వంక కుదరదు. రోజూ వేడిగా ఏదైనా వండుకుని కడుపునిండా తిను.

అమ్మ